మనసు చెప్పిన మాట - మనం చేయవలసిన పని
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సైన్సుకు అందని సంగతులు" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. ఇది ప్రతి ఇంట్లోనూ రెండు పక్షాలున్న విషయం. నానీమా ఒక పక్షం, కాలేజీలో చదివే మనవడు ఇంకో పక్షం. "తెల్లవారుజామున పాడు కల వచ్చింది, ఇవాళ ప్రయాణం మానుకో బేటా" అని ఆవిడ అంటుంది. "కలలకేం నానీమా, రోజూ వస్తాయి" అని వీడు సంచీ సర్దుకుంటాడు. ప్రయాణం క్షేమంగా జరిగితే తన దుఆ వల్ల జరిగిందంటుంది. దారిలో బస్సు టైరు పంక్చరయితే "నేను చెప్పలా?" అంటుంది. ఎటు చూసినా గెలుపు ఆవిడదే!

మేము ఈ ఇద్దరి మధ్య తీర్పు చెప్పడానికి రాలేదు. నానీమా ప్రేమను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. మనవడి చదువును తప్పుపట్టే హక్కూ ఎవరికీ లేదు. అయితే ఈ విషయం ఇంటి గడప దాటి ఆసుపత్రి దాకా, పెళ్లి సంబంధం దాకా, ఒక్కోసారి శ్మశానం దాకా పోతున్నది. అందుకే దీన్ని నవ్వుకుని వదిలేయలేము.

"సైన్సుకు అందనిది" అని మనం కట్టిన ఒకే మూటలో నిజానికి మూడు రకాల సరుకు వుంది. మొదటిది, జరగబోయేది ముందే మనసుకు తట్టడం. అది కలగా రావచ్చు, మనసు కీడు శంకించడంగా రావచ్చు. రెండవది, కారణం చెప్పలేకపోయినా "ఇది ఇంతే" అని లోపలి నుంచి తోచడం. దీన్ని స్ఫురణ అంటారు. మూడవది, కంటికి కనబడని లోకాన్ని గురించిన నమ్మకాలు, వాటి పేరిట మనం చేసే పనులు - శకునాలు, తాయెత్తులు, ఫాల్ తీయించడాలు వగైరా. మూట విప్పి ఒక్కొక్కటే చూద్దాం.

మొదట, ముందే తట్టడం.

బ్రిటన్ దేశంలో వేల్స్ అనే ప్రాంతం వుంది. అక్కడ ఆబెర్‌ఫాన్ అని ఒక బొగ్గు గనుల ఊరు. గనిలోంచి తీసిన పనికిరాని మట్టి, బొగ్గు పొట్టు దశాబ్దాల తరబడి ఊరిపైనున్న కొండ మీద గుట్టలుగా పోశారు. 1966 అక్టోబరు 21 ఉదయం బడి మొదలైన కొద్ది నిమిషాలకే ఒక గుట్ట కరిగి నల్లని ప్రవాహమై దిగివచ్చి బడిని ముంచేసింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. ఆ పిల్లల్లో ఒక పదేళ్ల పాప ముందురోజే తల్లితో, "అమ్మా, నాకొక కల వచ్చింది. బడికి పోతే అక్కడ బడే లేదు, నల్లనిదేదో వచ్చి కప్పేసింది" అనే అర్థంలో చెప్పిందట. ఈ మాట ఆ తర్వాత లోకమంతా పాకింది.

జాన్ బార్కర్ అనే మానసిక వైద్యుడు ఈ సంగతి విని, ఒక లండన్ పత్రిక ద్వారా ప్రజలను అడిగాడు: "ఈ దుర్ఘటన మీలో ఎవరికైనా ముందే తోచిందా?" అని. 76 ఉత్తరాలు వచ్చాయి. దానితో ఆయన 1967లో ఆ పత్రికవారితో కలిసి ఒక కార్యాలయమే తెరిచాడు. తమకు తోచిన కీడును జనం ముందుగా రాసి పంపాలి, తర్వాత జరిగేదానితో పోల్చి చూడాలి - ఇదీ పథకం. వందల కొద్దీ జోస్యాలు వచ్చాయి. వాటిలో అత్యధిక భాగం జరగనే లేదు. ఒకటి రెండు మాత్రం ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా వచ్చాయి.

మరి ఆ ఒకటి రెండు ఎలా కలిశాయి? ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మన సంఘ కుటుంబాలన్నీ కలిపి ఒక వెయ్యి మంది అనుకోండి. మనిషికి రాత్రికి ఒక్క కల చొప్పున వేసుకున్నా, సంవత్సరానికి 3,65,000 కలలు. పదివేల కలల్లో ఒక్కటి మాత్రమే ఉత్తినే దేనితోనో కలిసిందనుకుందాం. అప్పటికీ మన సంఘంలోనే ఏడాదికి ముప్ఫయ్యారు కలలు "నిజం" కావాలి! ఆ ముప్ఫయ్యారూ మనం పది మందికి చెప్పుకుంటాం. మిగతా మూడు లక్షల అరవైనాలుగు వేల చిల్లర కలలు పొద్దున్న పళ్లు తోముకునే లోపు మరచిపోతాం. కాకి వాలడం, తాటిపండు రాలడం - దీన్నే మన పెద్దలు కాకతాళీయం అన్నారు. కాకి వాలినా పండు రాలని రోజులను ఎవరూ లెక్కపెట్టరు.

ఈ లెక్క విని, ఆ పాప కల ఒట్టి కాకతాళీయమే అని మేము తేల్చేయబోవడం లేదు. ఆ తల్లి గుండెకు ఏ లెక్కా సరిపోదు. మేము చెప్పదలచింది వేరే. ఆబెర్‌ఫాన్‌కు కలలో కాక, కాగితం మీద కూడా హెచ్చరిక వచ్చింది. ఆ బడి వెనకాల గుట్టలు పోయడం ప్రమాదకరమని స్థానిక ఇంజనీరు 1963లోనే గని యాజమాన్యానికి రాశాడు. ఆ గుట్ట నీటి ఊటల మీద పోశారన్నది కంటికి కనిపించే సంగతి. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 1967లో నివేదిక ఇస్తూ తప్పు గని యాజమాన్యానిదే అని తేల్చింది. చూడండి, లోకమంతా ఆ పాప కలను జ్ఞాపకం పెట్టుకున్నది. ఆ ఉత్తరాన్ని ఎంతమంది జ్ఞాపకం పెట్టుకున్నారు? మనిషి స్వభావం ఇది. గైబు నుంచి వచ్చిన మాటకు చెవి ఒగ్గుతాం, పక్కింటివాడు చెప్పిన మాటకు ఒగ్గము.

ఇంకొక సంగతి. ఆ డాక్టరు బార్కర్‌కే, మీ ప్రాణానికి ప్రమాదం వుందని జోస్యాలు వచ్చాయి. ఆయన 1968లో, 44 ఏళ్ల వయసులో, మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. "చూశారా, నిజమైంది" అంటారు కొందరు. కావచ్చు. కాని ఆ హెచ్చరిక వల్ల ఆయనకు ఏమి మేలు జరిగింది? ఏమి చేస్తే బతుకుతావో అది చెప్పలేదు. ఏమి చేయాలో చెప్పని హెచ్చరిక మనిషికి భయాన్ని తప్ప మరేమీ మిగల్చదు. ఈ మాటను దయచేసి జ్ఞాపకం వుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాము.

జంతువులకు ముందే తెలుస్తుందంటారు. 1975 ఫిబ్రవరి 4న చైనాలో హైచెంగ్ అనే చోట పెద్ద భూకంపం వచ్చింది. అంతకు ముందే చలికాలంలో పాములు పుట్టల్లోంచి బయటికి రావడం జనం చూశారు. చిన్న చిన్న అదురులు కూడా వరసగా వచ్చాయి. అధికారులు జనాన్ని ఇళ్లలోంచి బయటికి పంపారు. ఎన్నో ప్రాణాలు దక్కాయి. ఇక భూకంపాలను ముందే చెప్పగలం అని అందరూ సంతోషించారు. ఏడాదిన్నర తిరగకుండా, 1976 జులై 28న, అదే దేశంలో తాంగ్‌షాన్ నగరం తెల్లవారేలోగా నేలమట్టమైంది. ప్రభుత్వ లెక్క ప్రకారమే రెండు లక్షల నలభై వేల పైచిలుకు జనం పోయారు. అక్కడ పెద్ద అదురుకు ముందు చిన్న అదురులు రాలేదు, హెచ్చరికా వెలువడలేదు. ఒకసారి ఫలించిన సూచన రెండోసారి ఫలిస్తుందన్న నమ్మకం లేదు. సైన్సు జాగ్రత్త అంతా ఇక్కడే వుంది. "ఒకసారి కలిసింది" అంటే దానికి చాలదు, "ఎన్నిసార్లు కలవలేదు?" అని కూడా అడుగుతుంది.

ఇక రెండో సరుకు, స్ఫురణ. దీన్ని మేము చాలా గౌరవిస్తాము.

బక్రీదు ముందు సంతకు వెళ్లిన ప్రతివారూ చూసేవుంటారు. అనుభవమున్న వ్యాపారి మేక వెన్ను మీద చెయ్యి వేసి, మాంసం ఇన్ని కిలోలు పడుతుందని చెప్పేస్తాడు. కోసి తూస్తే పెద్ద తేడా వుండదు. "ఎలా చెప్పావు మామూ?" అంటే "ఏమో సాబ్, చేతికి తెలుస్తుంది" అంటాడు. ఇది ఇల్హామ్ కాదు, ముప్ఫయ్యేళ్ల అనుభవం చేతిలోకి దిగింది. నోటికి మాత్రం ఎక్కలేదు, అంతే. పసిబిడ్డ ఏడుపు విని "ఇది ఆకలి ఏడుపు కాదు" అని గుర్తుపట్టే తల్లిదీ అదే జ్ఞానం. తల్లి "నా బిడ్డ ఎప్పటిలా లేడు" అంటే అనుభవమున్న పిల్లల డాక్టరు ఆ మాటను తేలిగ్గా తీసుకోడు.

గేరీ క్లైన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒక అగ్నిమాపకాధికారి అనుభవం రాశాడు. ఒక ఇంట్లో వంటగది వైపు మంటలు. ఈయన తన మనుషులతో లోపలికి పోయి నీళ్లు కొట్టిస్తున్నాడు. మంట తగ్గడం లేదు. ఎందుకో మనసు ఒప్పుకోలేదు. "అందరూ బయటికి రండి" అని కేక వేశాడు. వారు బయటపడిన వెంటనే వారు నిలబడిన నేల కుప్పకూలింది. అసలు మంట కింది గదిలో వుంది! తనకు అతీంద్రియ శక్తి వుందని ఆయన నమ్మాడు. క్లైన్ ఓపిగ్గా అడిగి చూస్తే సంగతి తేలింది. గదిలో వుండవలసిన దానికంటే వేడి ఎక్కువగా వుంది, చప్పుడు తక్కువగా వుంది, నీళ్లకు మంట లొంగలేదు. ఈ మూడూ ఆయన ఒళ్లు గమనించింది, బుద్ధికి ఇంకా అందలేదు. మనసు చెప్పిన మాట అంటే చాలాసార్లు ఇదే.

స్ఫురణ ఒక మనిషికే కాదు, ఒక జాతికే వుండవచ్చు. ఇండోనేషియాలో సుమత్రా పక్కన సిమెలూయె అనే దీవి వుంది. అక్కడివారు ముస్లిములే. 1907లో ఉప్పెన వచ్చి ఆ దీవిలో ఎంతోమందిని బలిగొన్నది. అప్పటి నుంచి అవ్వలు, తాతలు పిల్లలకు పాటల్లో, కథల్లో ఒక మాట నేర్పుతూ వచ్చారు: భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి పోతే, దేనికోసమూ ఆగక కొండెక్కమని. ఆ ఉప్పెనకు వారు పెట్టుకున్న పేరు "స్మోంగ్". 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఇండోనేషియాలో లక్షన్నరకు పైగా జనం చనిపోయారు. భూకంప కేంద్రానికి అంత దగ్గరగా వున్న సిమెలూయెలో, సుమారు 78 వేల జనాభాలో చనిపోయినవారు ఏడుగురే. బయటివారికి ఇది కరామత్తులా కనిపించింది. నిజానికి అది దాదాపు నూరేళ్ల పాటు నానీమాలు కాపాడిన జ్ఞానం. కనుక నానీమా చెప్పిన ప్రతి మాటనూ మూఢనమ్మకం అని కొట్టేసే మన కుర్రవాళ్లు ఈ దీవిని జ్ఞాపకం పెట్టుకోవాలి. సునామీ హెచ్చరికలు పంపే కేంద్రం 2007 నుంచి మన హైదరాబాదులోనే పనిచేస్తున్నది. నానీమా పాట, ఆ కేంద్రం యంత్రం - రెండూ చెప్పేది ఒకటే: లే, నడు, పై చోటికి పో.

కలలో శాస్త్రం తట్టినవారూ వున్నారు. ఆటో లోవీ అనే వైద్య శాస్త్రవేత్తకు ఒక రాత్రి కలలో ఒక ప్రయోగం తోచింది. నిద్రమత్తులో కాగితం మీద గీసుకున్నాడు. తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు! మరుసటి రాత్రి మళ్లీ అదే తోచింది. ఈసారి మళ్లీ పడుకోలేదు, తిన్నగా ప్రయోగశాలకు పోయి కప్ప గుండెల మీద పరీక్ష చేశాడు. నరాలు గుండెకు సందేశాన్ని ఒక రసాయనం ద్వారా అందిస్తాయని 1921లో ప్రకటించాడు. 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ ఆలోచన అంతకు పదిహేడేళ్ల ముందే ఆయన మనసులో పడిన విత్తనం. మన దేశపు గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ తన సూత్రాలు నామక్కల్ నామగిరి అమ్మవారు స్ఫురింపజేసినవని నమ్మేవాడు. కేంబ్రిడ్జిలో ఆచార్య హార్డీ ఆ నమ్మకంతో తగవు పెట్టుకోలేదు, ఒక్కటే అడిగాడు: "రుజువు ఏది?" అని. రామానుజన్ 1920లో 32 ఏళ్లకే పోయాడు. ఆయన నోటు పుస్తకాల్లోని వేల సూత్రాలకు రుజువులు వెతకడంలో గణితవేత్తలు దశాబ్దాలు గడిపారు. చాలా భాగం సరైనవే అని తేలింది, కొన్ని మాత్రం పొరపాటు. స్ఫురణ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, అది నిజమా కాదా అన్నది ఇంకొక ప్రశ్న. మొదటిదానికి ఎవరి నమ్మకం వారిది. రెండోదానికి మాత్రం పరీక్ష అందరికీ ఒకటే.

"అయితే సైన్సు వీటిని పరీక్షించి చూడలేదా?" అని విద్యార్థులు అడగవచ్చు. చూసింది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రైన్ అనే ఆచార్యుడు 1930 ప్రాంతం నుంచి చీట్లతో పరీక్షలు చేశాడు. అయిదు గుర్తులున్న 25 చీట్లు మూసిపెట్టి ఏది ఏదో చెప్పమంటారు. ఊరికే ఊహించినా సగటున అయిదు కలుస్తాయి. అంతకుమించి కలుస్తున్నాయని ఆయన అన్నాడు. ఇతరులు చేస్తే ఆ ఫలితం నిలకడగా రాలేదు. మన తెలుగువారైన ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారు రైన్ దగ్గర పనిచేసి, 1967లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇదే విషయం మీద ఒక శాఖను నెలకొల్పారు. తర్వాత ఆ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు, పద్మశ్రీ పొందారు, 2021లో దివంగతులయ్యారు. అంటే ఈ విషయాన్ని చదువుకున్నవారు తలుపు మూసి వెళ్లగొట్టలేదన్న మాట. 2011లో డారిల్ బెమ్ అనే అమెరికా ఆచార్యుడు, జరగబోయేది మనిషికి కొంచెం ముందే తెలుస్తుందని తొమ్మిది ప్రయోగాలు ప్రకటించి సంచలనం చేశాడు. మరుసటి ఏడాదే ఇతరులు ఒక ప్రయోగాన్ని మూడు చోట్ల మళ్లీ చేస్తే ఫలితం రాలేదు. ఇంతవరకు వచ్చిన తీర్పు ఇదీ: రుజువు నిలబడలేదు. అంతమాత్రాన మనిషి మనసు పూర్తిగా అర్థమైపోయిందని కాదు. మాంసపు ముద్దయిన మెదడులో "నేను" అనే ఎరుక ఎలా పుడుతున్నదో సైన్సు నేటికీ చెప్పలేదు. తెలియనిదాన్ని తెలియదు అనడం సైన్సుకు చిన్నతనం కాదు.

ఇక మన ధర్మం ఏమంటున్నది? గైబు జ్ఞానం అల్లాహ్ ఒక్కడిదే అన్నది మన విశ్వాసపు పునాది. మంచి కలలు వుంటాయి, వాటికి విలువ వుంది. దివ్య ఖుర్ఆన్‌లో యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతమే వుంది కదా. ఏడు బలిసిన ఆవులను ఏడు బక్క ఆవులు తిన్నట్టు రాజుకు కల వచ్చింది. యూసుఫ్ దాని భావం చెప్పి ఊరుకున్నారా? "కరువు వస్తుంది, ఏడవండి" అన్నారా? లేదు. ఏడేళ్లు బాగా పండించండి, తినడానికి సరిపడా తీసుకుని మిగతా ధాన్యాన్ని వెన్నులతోనే నిలవ చేయండి అని పని చెప్పారు. కల గాదెగా మారింది. ఆ గాదె ఒక దేశాన్ని బతికించింది. ఏమి చేయాలో చెప్పని హెచ్చరికకూ, ఏమి చేయాలో చెప్పిన హెచ్చరికకూ తేడా ఇదే.

మరి పాడు కల వస్తే? దానిని ఎవరికీ చెప్పవద్దనీ, అల్లాహ్ శరణు కోరి మరో పక్కకు తిరిగి పడుకోమనీ దైవప్రవక్త (సఅసం) నేర్పారు. ఎంత చక్కని మందు! మనమేమో పొద్దున్నే ఫోను చేసి నాలుగు ఊళ్ల బంధువులకు చెప్పి అందరి గుండెలూ దడదడలాడిస్తాం. ఇస్తిఖారా కూడా అంతే. అది ఎవరి పని వారు తామే చేసుకునే ప్రార్థన. రెండు రకాతులు నమాజు చేసి, మేలయిన దారి చూపమని వేడుకోవడం. డబ్బు ఇచ్చి ఇంకొకరితో కల కనిపించే పని కాదు.

క్రీ.శ. 632లో దైవప్రవక్త (సఅసం) పసికుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ పోయినందుకే సూర్యుడు చీకటి అయ్యాడని జనం అనుకున్నారు. ఒక తండ్రి, అందులోనూ ఒక ప్రవక్త, ఆ మాటను సాగనిచ్చివుంటే కాదనేవారెవరు? కాని ఆయన అంత దుఃఖంలోనూ, సూర్యచంద్రులకు ఎవరి చావువల్లా, ఎవరి పుట్టుకవల్లా గ్రహణం పట్టదని స్పష్టంగా చెప్పారు. ఇప్పుడు మన ఇళ్లలోకి రండి. కొత్త కోడలు వచ్చిన నెలలో మామగారు పోతే "దాని కాలు మంచిది కాదు" అంటాం. ప్రవక్త కుమారుడి మరణానికి సూర్యుడు కదలలేదు, మామగారి గుండెపోటుకు పంతొమ్మిదేళ్ల పిల్ల పాదం కారణమా? ఆయనకు పదేళ్లుగా వున్న షుగరు, మానలేని బీడీ - వీటి కాలు మంచిదా?

అలాగే పెళ్లి సంబంధాలు. అన్నీ కుదిరి, పిల్లకు బట్టలు కూడా తీశాక "మావాళ్లకు కల బాగా రాలేదు" అని కబురు వస్తుంది. కలతో వాదించేదెలా? ఆ పిల్ల తండ్రి ఎవరిని అడగాలి? కట్నం చాలలేదని చెప్పడానికి నోరు రానివారికి కల ఒక సాకు కూడా అవుతున్నది. మనసుకు తోచింది మన జాగ్రత్త కోసం. దానిని ఇంకొకరి మీద తీర్పుగా రాయకూడదు.

ఇప్పుడు మూడో సరుకు, ప్రాణం మీదికి వచ్చేది.

హైదరాబాదును ఏలిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో మరణించారు. ఆయన పేరు చెబితే పాము విషం దిగుతుందని జనం గాఢంగా నమ్మేవారు. ఇప్పటికీ ముసలివారు చెప్పుకుంటారు. రాజు మీద ప్రజలకున్న ప్రేమకు అది గుర్తు. మేము దానిని వెక్కిరించము. అయితే ఆ నమ్మకం ఎలా నిలబడిందో చూడండి. మన నేలలో తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. విషపు పాము కరిచినా ఒక్కోసారి విషం వదలదు. అలాంటివారు ఎవరి పేరు చెప్పినా బతుకుతారు, చెప్పకపోయినా బతుకుతారు. బతికినవాడు వచ్చి ఊరంతా చెబుతాడు. చనిపోయినవాడు వచ్చి చెప్పడు. కాకతాళీయం లెక్క ఇక్కడా అదే. కాని నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర - ఈ నాలుగింటిలో ఏదైనా విషం ఎక్కిస్తే విరుగుడు ఇంజక్షను ఒక్కటే దారి. మన దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని 2000 నుంచి 2019 వరకు మరణాలను పరిశీలించిన పరిశోధకులు అంచనా కట్టారు. వారిలో ఎక్కువమంది పల్లెవాసులు. మంత్రగాడి వాకిట్లో పోయిన ఆ రెండు గంటలే చాలామందికి మిగిలిన ఆయుష్షు.

మూర్ఛ జబ్బు సంగతి అంతే. ఫిట్స్ వచ్చే ఆడపిల్లకు "గాలి సోకింది" అని పేరు పెట్టి పొగవేసి, బెత్తంతో కొట్టించినవారిని మనం ఎరగమా? సరైన మందు వాడితే మూర్ఛరోగుల్లో నూటికి డెబ్బై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వెయ్యేళ్ల కిందట మన హకీముల గురువు ఇబ్నె సీనా మనోవ్యాధి గురించి రాస్తూ, అది జిన్నుల వల్ల వస్తుందనేవారితో తగవు పెట్టుకోలేదు. జిన్ను వల్ల అయినా కాకపోయినా వైద్యుడిగా తనకు శరీరంలో జరిగే మార్పు తెలిస్తే చాలునన్నాడు, దానికి వైద్యం చేశాడు. ఈ మాటను మన ప్రతి ఇంటి గోడ మీదా రాసుకోవచ్చు.

దీనిని మరచిపోతే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో చూశాం. దర్గా వున్న ఆ ఊళ్లో, మతిస్థిమితం లేనివారిని వుంచడానికి ప్రయివేటు వ్యక్తులు పాకలు నడుపుకునేవారు. ఒక పాకకు తెల్లవారుజామున నిప్పంటుకుంది. 28 మంది కాలిపోయారు. పారిపోలేకపోయారు, ఎందుకంటే కాళ్లకు గొలుసులున్నాయి. వారిని అక్కడ వదిలినవారు చెడ్డవారు కారు. బాగుపడుతుందన్న ఆశతో వదిలిన తల్లులు, తండ్రులు, అన్నలు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మనిషిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. తాయెత్తుతో రోగాలు కుదురుస్తామని ప్రకటనలు వేయడం 1954 చట్టం ప్రకారం నేరం. ఆ ప్రకటనలు మాత్రం ఇప్పటికీ గోడల మీద, ఫోన్లలో కనిపిస్తూనే వున్నాయి.

దుఆ చేయవద్దని మేము అనడం లేదు. దుఆ చేయండి, ఆటో కూడా పిలవండి. ప్రవక్త (సఅసం) ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమన్నారు. మనం భారం వేస్తున్నాం, ఒంటెను కట్టడం మరచిపోతున్నాం.

కాబట్టి సోదరులారా, ఇక మీదట మనసుకు ఏదైనా తోచినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. దీనివల్ల నా చేతికి ఒక మంచి పని దొరుకుతున్నదా, భయం మాత్రమే దొరుకుతున్నదా? దీనివల్ల ఇంకొక మనిషికి, ముఖ్యంగా నోరులేని ఆడపిల్లకు, రోగికి అన్యాయం జరుగుతున్నదా? దీనిని చెప్పి ఎవరైనా నా దగ్గర డబ్బు గుంజుతున్నారా? మొదటి దానికి "పని" అని, మిగతా రెండింటికి "లేదు" అని జవాబు వస్తే మనసు మాట వినండి. గ్యాసు కట్టేశానా లేదా అని మనసు పీకితే వెనక్కి వెళ్లి చూసి రండి, నష్టం లేదు. బాబు ఒళ్లు ఎందుకో తేడాగా వుందని తోస్తే అర్ధరాత్రయినా డాక్టరును లేపండి. ఊళ్లో వున్న నాన్న జ్ఞాపకం వచ్చి గుండె బరువెక్కితే శకునం వెతకకండి, ఫోను చేయండి. ఆయన బాగుంటే మాట్లాడి సంతోషిస్తారు, బాగోకపోతే మీరు సమయానికి చేరతారు.

చివరగా ఒక చిన్న మనవి. మన మసీదుల నోటీసు బోర్డుల మీద నమాజు వేళల పక్కన మూడు వరుసలకు చోటు ఇవ్వండి. పాముకాటు మందు వుండే దగ్గరి ప్రభుత్వాసుపత్రి పేరు ఒకటి. అంబులెన్సుకు 108 ఒకటి. మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత ఫోను 14416 ఒకటి. ఆసుపత్రి వివరం ఆరు నెలలకొకసారి సరిచూసే బాధ్యత మన యువజనులు తీసుకోవాలి. ఖర్చు ఒక కాగితం, కొంచెం సిరా. ఈ మూడు వరుసలు ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరి బిడ్డను కాపాడతాయి. ఇలా చెప్పడానికి జోస్యం తెలియనక్కరలేదు.

కనబడనిది కనబడనివాడి చేతిలో వుంది. కనబడుతున్న పని మన చేతిలో వుంది. మన పని మనం చేసే బుద్ధినీ, బలాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.